ఒక్కడు కదిలినా

"రోజూ గంటసేపు నలుగురు వార్డర్లు దీనికే కాపలా. ఖైదీలు కళ్ళు మూసుకుంటే మనకొచ్చేదేంటి?" అంది తనిఖీకొచ్చిన పై అధికారిణి.

"గొడవలు ఆగాయి మేడమ్," అన్నాడు జైలరు. "అంతకుముందు వారానికో తల పగిలేది. అందులో ఒకటి నాది." నుదుటి మీది కుట్ల మచ్చ చూపించాడు. "ఈ ధ్యానం మొదలయ్యాక ఒక్కటీ లేదు."

"నటనేమో! చిన్న పరీక్ష పెడతాను. ఒక్కడు కదిలినా రేపట్నుంచి క్లాసు రద్దు."

క్లాసు పోతే మళ్ళీ పాత రోజులే. మళ్ళీ తలలే.

హాల్లో ముప్ఫైమంది ఖైదీలు చాపల మీద కూర్చుని ఉన్నారు. నెరిసిన గడ్డంతో ధ్యానం గురువు వచ్చారు. తలుపు బార్లా తీసే ఉన్నా, ఎప్పటిలాగే గడప దగ్గర ఆగారు. ఎవరైనా "వెళ్ళండి" అంటే గానీ అడుగు లోపల పెట్టరు. ఆర్నెల్లుగా ఇదే వరస. ఎంత మర్యాదస్తుడో అని వార్డర్లు చెప్పుకుంటారు.

"వెళ్ళండి సార్," అన్నాడు జైలరు.

గురువు వెళ్ళి అందరికీ ఎదురుగా కూర్చున్నారు. "ఊపిరిని గమనించండి. అంతే." కళ్ళన్నీ మూతపడ్డాయి. ఆయనవి కూడా.

అధికారిణి చెయ్యి చాపింది. "మీ తాళాల గుత్తి ఇవ్వండి."

జైలరు నడుముకున్న గుత్తి తీసి, మోగకుండా గుప్పిట్లో బిగించి అందించాడు. అతను ఉద్యోగంలో చేరిన కొత్తలో, గుత్తి మోగితే చాలు, ఖైదీ అన్నవాడు లేచి, గోడకు మొహం పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. ఆలస్యమైతే వీపు విమానం మోతే. ఆ పద్ధతి ఎత్తేసి పదిహేనేళ్ళయింది. ఆ చప్పుడంటే మాత్రం ఇప్పటికీ అందరికీ హడలే.

అతని చూపంతా అగ్గిపుల్ల అనే ఖైదీ మీదే. పక్కవాడు తుమ్మినా భగ్గుమనే రకం కాబట్టి వాడికా పేరు. జైలరు నుదుటి మచ్చ కూడా వాడి చలవే. ఇప్పుడు వాడి కనురెప్ప అదురుతోంది.

'ఒరేయ్, కదలకురా, నీకు దణ్ణం పెడతా!' అని లోపల్లోపలే వేడుకున్నాడు.

అధికారిణి గుత్తిని ఎత్తి బండల మీద పడేసింది. హాలంతా ఖంగుమంది.

అగ్గిపుల్ల కదల్లేదు. వాడి పక్కవాడు కదల్లేదు. ముప్ఫైమందిలో ఒక్కడంటే ఒక్కడు కదల్లేదు.

హమ్మయ్య అనుకుంటూ జైలరు తల తిప్పేసరికి, ఎదురుగా గురువు లేచి, గోడకు మొహం పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు.