అతిథిగా నాన్న

బీఏ హిస్టరీ ఎత్తేసి హోటల్ కోర్సు పెట్టిన ప్రిన్సిపాల్ దుర్గాప్రసాద్ అంటే ఎలీయేజరుకు కడుపుమంట. ఇవాళ ప్రాక్టికల్ పరీక్షకు తల్లిదండ్రులే అతిథులట. తెల్లగుడ్డ పరిచిన బల్ల ముందు కూర్చున్నాడు.

కూతురు జీవిత ట్రేతో వచ్చి వంగింది. "కాఫీ తీసుకుంటారా సార్?"

"ఎవుడే సారు? పండించినోడికే కాఫీ పోత్తన్నావేటే గుంటా?"

"నవ్వించకు నాన్నా, మార్కులు పోతాయి."

"నీ సదువు మింగేసినోడు అదిగో, ఆడే ఉన్నాడు. అడిగేత్తానుండు."

కప్పు పెడుతున్న చెయ్యి ఆగింది. "హిస్టరీలో ముగ్గురమే మిగిలాం నాన్నా. ఉంటారా, మారతారా అని అడిగినారు. మారతానని ముందు సంతకం పెట్టింది నేనే."

"ఏటికే?"

"హోటల్లో అయితే బేగి జీతమొస్తాది. అమ్మేసిన మన తోట మళ్లీ కొనుక్కోవచ్చు."

ఎలీయేజరు కాఫీ తాగాడు. రుచేమీ తెలియలేదు. పిల్లని హిస్టరీ చదివించడానికే అతను అమ్మింది, అనంతగిరి దారిలో ఎకరా ముప్పై సెంట్ల కాఫీ తోట.