పదిహేను చుక్కలు

"నలభై ఎనిమిది," అంది రుక్మిణి, కుర్మయ్య మణికట్టు వదలకుండానే.

"మూడుసార్లు లెక్కపెట్టినవ్. ఇంకెన్నిసార్లు పెడ్తవ్?" కాంపౌండర్ దశరథం మందు గ్లాసు ఆమె ముందుకు జరిపాడు. "చిట్టీల పదిహేను చుక్కలని డాక్టర్ సాబ్ రాసిండు. పొయ్యి."

శంషాబాద్ దవాఖానకు డాక్టరు పట్నం నుంచి మంగళ, శుక్రవారాలే వస్తాడు. తక్కిన రోజుల్లో దశరథం మాటే మాట. రుక్మిణి నర్సు పని నేర్చుకోవడానికి వచ్చి ఇంకా మూడు నెలలు కాలేదు. ఆయన ఒక్క ఫిర్యాదు రాస్తే ఆమె చదువు అక్కడితో ఆగిపోతుంది.

గగన్‌పహాడ్ రైతు కుర్మయ్యకు గుండె జబ్బు. డిజిటాలిస్ చుక్కలు పడ్డాక కాళ్ల వాపు తీసింది, ఆయాసం తగ్గింది. ఆ మందు వల్లే మనిషి బతికాడని ఇంటిల్లిపాదీ నమ్మారు. ప్రపంచ యుద్ధం ముగిసి ఏడాదైనా అలాంటి మందు సీసా దొరకడం కష్టంగానే ఉంది.

"పెద్దయ్యా, అన్నం తిన్నవా?"

"తినబుద్ధి కాలె బిడ్డా. కడుపుల తిప్పుతున్నది."

పక్కనే కూర్చున్న భార్య భాగ్యమ్మ అందుకుంది. "నిన్న డాక్టర్ సాబ్ పోయిన కాంచి ముద్ద ముట్టలే. తెల్లటన్నం పెడితే పులిహోర ఎందుకు చేసినవని కోపం చేస్తుండు. ఈ దుప్పటికి పసుపెందుకు పూసిన్రని అడుగుతుండు."

"కామెర్లు," అన్నాడు దశరథం తేలిగ్గా. "దానికి వేరే మందిద్దాం. ముందు ఇది పొయ్యి."

రుక్మిణి కుర్మయ్యను కిటికీ వైపు తిప్పి, కనురెప్ప కిందికి లాగి చూసింది. కళ్లు తెల్లగానే ఉన్నాయి. గోళ్లూ అంతే.

గ్లాసు చేతిలోకి తీసుకుంది. మళ్లీ బల్ల మీద పెట్టేసింది.

"నేను పొయ్య, అన్నా. డాక్టర్ సాబ్ వచ్చేదాక ఒక్క చుక్క గూడ పొయ్య."

"చుక్కలు పొయ్యనీకే భయపడేదానివి, నర్సువెట్లయితవ్? ఈయనకేమన్న అయితే జవాబు నువ్వే చెప్పాలె."

"చెప్త."

భాగ్యమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "మందు ఆపకు బిడ్డా, నీ కాళ్లు మొక్కుత."

రుక్మిణి ఆమె చేతులు పట్టుకుంది గాని గ్లాసు ముట్టలేదు. ఆ బుధవారమూ, మర్నాడూ మంచం పక్కనే పీట వేసుకుని, గంటగంటకూ నాడి చూసి కాగితం మీద రాసింది; తెల్లటివి పచ్చగా కనబడుతున్నాయన్న మాటా రాసింది.

శుక్రవారం డాక్టరు వచ్చేసరికి నాడి అరవై రెండు. కుర్మయ్య జొన్నరొట్టె తింటున్నాడు. దశరథం ఫిర్యాదంతా విని, డాక్టరు ఆ కాగితం రెండుసార్లు చదివాడు.

"మందు ఒంట్లో ఎక్కువైంది దశరథం. ఆపకపోతే ఈయన మనకు దక్కకపోతుండె."

దశరథం తల దించుకున్నాడు. డాక్టరు రుక్మిణిని వరండాలోకి పిలిచాడు.

"నాడి అరవై కంటే తగ్గితే ఆపాలని మీ పాఠంలో ఉంది, సరే. ఈ మందు ఎక్కువైతే తెల్లటిది పసుపుపచ్చగా కనబడుతదని మాత్రం మీకింకా చెప్పలేదు. ఎవరు చెప్పిన్రమ్మా?"

"మా నాయన, సార్."

"ఆయన గూడ డాక్టరా?"

"కాదు సార్. కొత్తూరుల ఎవుసం చేసెటోడు. ఆయనకూ గుండె జబ్బే, ఈ మందే. పోయే ముందురోజు, పాలు పచ్చగున్నయేంది బిడ్డా అని అడిగిండు."

రుక్మిణి లోపల కుర్మయ్య మంచం వైపు చూసింది.

"ఆ పూట చుక్కలు నేనే పోసిన."