రెండు నీలాలు

"ఈ గోడ నీలం ఒకటి, ఆ గోడ నీలం ఇంకొకటి," అంది అక్క.

తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చుని గోడకు పడవతాడు బిగిస్తున్నాడు. "సముద్రం మాత్రం రోజంతా ఒకే రంగులో ఉంటుందా?"

"వేదాంతం నా దగ్గర కాదు. సగంలో డబ్బా అయిపోయింది. వేరే కొట్లో ఇంకోటి తెచ్చావు."

నిజం అదే కాబట్టి తమ్ముడు తాడు ఇంకాస్త బిగించాడు.

అతను పరుపులు కుట్టేవాడు. నలభై దాటాయి, పెళ్ళి కాలేదు. ఇంకాసేపట్లో ఒకావిడ వచ్చి ఇల్లంతా తిరుగుతుంది. నచ్చితే పెళ్ళి, నచ్చకపోతే లేదు. ఆ సంగతి విని అక్క నిన్ననే ఊరి నుంచి దిగింది. దిగేసరికి ఇల్లు ఇల్లులా లేదు. సముద్రపు ఒడ్డులా ఉంది.

ముందుగది నీలం. నడవా గోడకు నడుమెత్తు దాకా ఇసుక కలిపిన రంగు. వీధి తలుపు నుంచి వంటగది దాకా గోడ వెంబడే తాడు, గది వచ్చినచోటల్లా ఒక లావు ముడి. ప్రతి గుమ్మం పక్కనా గవ్వలు. పెరటి తలుపుకు ఆల్చిప్పల గుత్తి. గాలి తగిలితే గలగలమంటోంది.

"కుర్చీలూ బల్లా గోడకు తోసేశావేంరా? మధ్యలో బంతాట ఆడతావా?"

"ఒడ్డున అడ్డమేముంటుంది అక్కా. ఖాళీగా ఉండాలి."

"పోనీ ఒక పడవ బొమ్మన్నా పెట్టు. మునిగే సూర్యుడి బొమ్మన్నా పెట్టు."

"బొమ్మలొద్దు."

"పడకగదికి చిట్టిగవ్వలు, స్నానాలగదికి శంఖాలు. నీ ఇంట్లో మర్యాద ఎవరికో నాకు అర్థం కావట్లేదు."

ఆ వచ్చే ఆవిడ పుట్టింది సముద్రం పక్కన. చిన్నప్పుడు ఇంట్లో కంటే ఒడ్డునే ఎక్కువ తిరిగేదట. ఇప్పుడు ఆసుపత్రిలో ఫోన్ల దగ్గర పని. పరుపు కుట్టించుకోవడానికి వచ్చి, ఒక మూల కుట్టు తప్పిందని చెప్పింది. అతను దీపం దగ్గరికి తీసుకెళ్ళి వెతికాడు. నిజంగానే తప్పింది. ఆ రోజు నుంచి అతనికి నిద్ర లేదు.

"అలాంటి మనిషి ఈ రెండు నీలాలు ఊరుకుంటుందా?" అంది అక్క. "గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతుంది."

తమ్ముడు నవ్వాడు. నోట్లో మేకులున్నాయి కాబట్టి కొంచెమే నవ్వాడు.

"ఫొటో అడిగితే చూపించవు."

"మనిషే వస్తోందిగా."

"అసలేమందో మళ్ళీ చెప్పు."

తమ్ముడు మేకులు చేతిలోకి తీసుకున్నాడు. "మీ ఇంట్లో నేనొక్కదాన్నే తిరుగుతాను, ఇది ఇక్కడ అది అక్కడ అని ఎవరూ చెప్పకూడదు, ఇది నా ఇల్లని నాకే తెలియాలి, అంది."

"తనిఖీకి వచ్చే ఆఫీసరులా ఉందే."

"కాస్త అలాగే ఉంటుంది," అన్నాడు మురిసిపోతూ.

వీధి తలుపు పక్కన, తాడు మొదలయ్యే చోట, నీళ్ళకు అరిగి నున్నబడ్డ కర్రముక్క ఒకటి బిగించాడు. దానికి ఒకే ఒక్క కొక్కెం కొట్టాడు. అక్క దాన్ని వేలితో లాగి చూసింది.

"ఇదేంటి, ఒంటి కొక్కెం? గొడుక్కా?"

"అది ఆవిడది. ఇల్లు నచ్చితే ఆవిడే తగిలిస్తుంది."

"ఏం తగిలిస్తుంది?"

"తగిలించాక చూద్దువుగాని."

వీధిలో ఆటో ఆగింది. తమ్ముడి చేతిలో సుత్తి జారి కాలి మీద పడింది. కుయ్యిమనలేదు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని, విప్పి, మళ్ళీ తప్పుగానే పెట్టుకున్నాడు.

"అక్కా, నువ్వు వంటగదిలో ఉండు. పిలవకు. ఎదురెళ్ళకు."

"తమ్ముడి పెళ్ళికి నేను దొంగలా దాక్కోవాలా?"

"ఈ ఒక్కసారికి."

అక్క వంటగదిలోకి వెళ్ళి పొయ్యి మీద టీ పెట్టింది. చెవులు మాత్రం ముందుగదిలోనే ఉన్నాయి.

తలుపు చప్పుడు. ఆడగొంతు. "మీరిక్కడే ఉండండి. వెంట రావద్దు."

తర్వాత అడుగులు. నెమ్మదిగా, ఆగి ఆగి. ముందుగది మూలన పూర్తిగా ఆగిపోయాయి. రెండు నీలాలు కలిసేది ఆ మూలనే. అక్క పెదవి కొరుక్కుంది.

అడుగులు కదిలాయి. స్నానాలగది దగ్గర నవ్వు వినిపించింది. "శంఖాలా? దీనికింత వైభవమా?"

పడకగదిలో చాలాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత పెరటి వైపు ఆల్చిప్పలు గలగలమన్నాయి. గాలి లేదు, ఎవరో కావాలనే కదిపారు. మళ్ళీ కదిపారు. ఇప్పుడు అడుగులు ఆగడం లేదు. చిన్నపిల్ల అడుగుల్లా గబగబా వస్తున్నాయి.

"టీ పొంగుతోంది వదినగారూ," అంది గుమ్మం బయటి నుంచి గొంతు.

అక్క ఉలిక్కిపడి పొయ్యి కట్టేసింది. గుడ్డ కోసం వెతికి, పొంగింది తుడిచి, తల ఎత్తేసరికి ఆవిడ అక్కడ లేదు. వీధి తలుపు వైపు వెళ్ళిపోతోంది. ఆకుపచ్చ చీర, పొడుగాటి జడ, తాడు మీద ఒక చెయ్యి.

అంతే, అయిపోయింది అనుకుంది అక్క. ఇక ఆగలేకపోయింది. మసిగుడ్డతోనే నడవాలోకి వచ్చింది.

"అమ్మా, ఒక్క మాట. ఆ నీలం నేను దగ్గరుండి మార్పిస్తాను. వాడు మంచివాడు. రంగులే తెలియవు."

ఆవిడ ఆగింది. తమ్ముడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఏ నీలం వదినగారూ?" అంది ఆవిడ, నవ్వుతూ.

తర్వాత తన తెల్లకర్ర మడిచి, కొక్కేనికి తగిలించింది.