ఓర్పుకు నాలుగు మార్కులు

“మూడోవాడి దగ్గర నవ్వొస్తుంది ఆంటీ, జాగ్రత్త,” అన్నాడు తేజేశ్వర్ గదిలోంచి బయటికి వస్తూ.

అమెరికాలో, బాతెల్ ఊళ్ళోని యూనివర్సిటీ కారిడార్‌లో అప్పటికి ఇద్దరే ఉన్నారు. పరీక్ష ముగించుకున్న తేజేశ్వర్, వంతు కోసం కూర్చున్న కామేశ్వరి. బ్రిటన్‌లో ఒక్కో ఊరిదీ ఒక్కో యాస. ఆ యాసలు విని, మాట్లాడే మనిషి ఎలాంటివాడో ఇక్కడి తెలుగువాళ్ళు ఏమని ఊహిస్తారు? అది తేల్చడానికి ఒక ప్రొఫెసర్ పెట్టిన పరీక్ష. నాలుగు గొంతులు వినాలి. ఒక్కో గొంతుకీ చదువెంతో, నిజాయితీ ఎంతో, ఓర్పు ఎంతో మార్కులు వెయ్యాలి.

“నవ్వెందుకు బాబూ?”

“ఆవులిస్తూ మాట్లాడుతున్నట్టుంటాడు. బర్మింగ్‌హామ్ అట. వాడికి ఇల్లు అద్దెకిస్తారా అని అడిగారు. నేనైతే గ్యారేజ్ కూడా ఇవ్వను.” తేజేశ్వర్ జాకెట్ జిప్ పైకి లాక్కున్నాడు. “నాలుగోవాడు మాత్రం దొర, ఆంటీ. ఆ ఇంగ్లీష్ వింటుంటే లేచి నిలబడాలనిపించింది.”

కామేశ్వరి తలూపింది. అతని అడుగుల చప్పుడు మెట్ల మీద ఆగిపోయేదాకా కుర్చీలోంచి లేవలేదు.

ఆఖరి స్లాట్ కావాలని ఆమే అడిగి తీసుకుంది. తన వెనకాల ఎవరూ కాచుకుని ఉండరని.

లోపల కంప్యూటర్ ముందు హంసిక కూర్చుని ఉంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ప్రొఫెసర్ దగ్గర పనిచేస్తోంది. ఫారం నింపుతూ ఒక్కో ప్రశ్నా అడిగింది.

“ఏజ్, ఆంటీ?”

“డెబ్బై నాలుగు.”

“జాబ్?”

“స్కూల్ టీచర్ని. రిటైరై చాలా ఏళ్ళైంది.”

“ఈ స్పీకర్స్ ఎవరైనా మీకు తెలుసా?”

“పేర్లు చెప్పరు కదమ్మా.”

“నాకే తెలీదు! ఫైల్స్ మీద ఓన్లీ నంబర్స్.” హంసిక నవ్వి, ‘లేదు’ దగ్గర టిక్ పెట్టింది.

నాలుగు గొంతులూ చదివింది ఒకటే పేరా. ఎవరో బస్‌స్టాప్‌లో గొడుగు మర్చిపోయిన సంగతి. ఒక్కోటి నలభై సెకన్లు. మొదటిది లివర్‌పూల్. రెండోది న్యూకాజిల్. మధ్యలో ఒకచోట ఆ గొంతు చిన్నగా దగ్గింది. కామేశ్వరి తల పైకెత్తి, మళ్ళీ దించుకుంది. మూడోది వచ్చినప్పుడు హంసిక ఆమె ముఖంలోకి చూసింది. అందరూ నవ్వే చోటు అది. కామేశ్వరి నవ్వలేదు. నాలుగోది, రేడియోలో వార్తలు చదివే ఇంగ్లీష్, అయిపోయాక కూడా హెడ్‌ఫోన్స్ తియ్యలేదు.

తర్వాత పెన్ను తీసుకుని, ఎక్కడా కొట్టివేత లేకుండా మార్కులు వేసింది.

కాగితం చూసి హంసిక కళ్ళు పెద్దవి చేసింది.

“ఆంటీ, నలుగురికీ సేమ్ మార్క్స్ వేశారు!”

“వేశాను.”

“నాలుగో వాయిస్‌కి ఎడ్యుకేషన్‌లో అందరూ నైన్, టెన్ వేస్తారు. మూడో వాయిస్‌కి త్రీ. మీరు అందరికీ తొమ్మిదే. నిజాయితీ అందరికీ పది. మరి ఓర్పు అందరికీ నాలుగేంటి?”

“వాక్యం చివరికొచ్చేసరికి తొందరపడిపోతున్నారమ్మా. నలుగురూ అంతే. ముప్పై ఏళ్ళు పేపర్లు దిద్దాను. ఊరికే వెయ్యను.”

“యూకేలో ఎప్పుడైనా ఉన్నారా?”

“పెళ్ళయిన కొత్తలో. మా ఆయన డాక్టరు. ఆరు నెలలకొక ఆసుపత్రికి పంపేవాళ్ళు. సూట్‌కేసు పూర్తిగా సర్దుకునేలోపే ఇంకో ఊరు.” పెన్నుకు మూత పెట్టింది. “మొదట్లో ఈయన నోరు విప్పగానే, ఇంకో డాక్టర్ని పిలవండి అనేవాళ్ళు పేషెంట్లు.”

“అయ్యో! తర్వాత?”

“తర్వాత అనడం మానేశారు.”

“అంకుల్‌ని కూడా తీసుకురావాల్సింది ఆంటీ, చాలా స్లాట్స్ ఖాళీగానే మిగిలిపోయాయి.”

కామేశ్వరి కిటికీ వైపు చూసింది. బయట సన్నగా వాన పడుతోంది.

“ఈ గొంతుల కాపీ ఒకటి ఇస్తారా అమ్మా?”

“కుదరదు, ఆంటీ. ఎవరి వాయిస్ అయితే వాళ్ళే వచ్చి, సైన్ చేసి అడగాలి. అదీ ఐదింటి లోపు. ఇవాళ లాస్ట్ డే కదా, ఐదుకి అన్నీ డిలీట్ చేసేస్తాం.”

గోడ గడియారంలో ఐదుకి పది నిమిషాలుంది.

కామేశ్వరి లేచి కోటు వేసుకుంది. గుండీలన్నీ పెట్టుకుంది. తలుపు దాకా నడిచింది. అక్కడ కాసేపు నిలబడి, వెనక్కి వచ్చి అదే కుర్చీలో కూర్చుంది.

“ఇంకొక్కసారి వినిపిస్తావా?”

“మార్క్స్ వేశాక రీప్లే చెయ్యకూడదు, ఆంటీ. రూల్.”

“తెలుసమ్మా. నేనూ రూల్స్ పెట్టినదాన్నే. నా మార్కులు లెక్కలోంచి తీసెయ్యి. పర్వాలేదు.”

హంసిక ఆమెను చూసింది. ఇంటికి వెళ్ళి చేసే పనేమీ లేదేమో, పలకరించే మనిషి దొరికితే వదలబుద్ధి కావడం లేదేమో అనుకుంది. ప్రొఫెసర్ గది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“ఓకే. కానీ ఒక్కటే. ఫార్టీ సెకండ్స్. తర్వాత డిలీట్ చెయ్యాలి, ప్రామిస్?”

“అలాగే.”

“ఏది పెట్టను? అందరూ దొర అనే ఆ నాలుగోదా?”

కామేశ్వరి హెడ్‌ఫోన్స్ అందుకుని, రెండు చేతులతోనూ చెవులకు అదుముకుంది.

“ఏదైనా పెట్టమ్మా,” అంది, “ఆ నాలుగూ చదివింది మా ఆయనొక్కరే, పోయి పదకొండు నెలలైంది.”