ఎడమకు లాగే బండి

పదేళ్లు గానుగ తిప్పిన పుల్లన్న అనే ఎద్దు, వేళకు పడే మేత వదులుకుని సొంతంగా బండి కట్టుకుంది. కాడికి ఇంకో మెడ కావాలి. ముందు ఒక దున్నపోతు వచ్చి, పుల్లన్నను నాలుగడుగులు నడవమంది.

"నువ్వు ఎడమకు లాగుతున్నావు. నేను పక్కనుంటే ఊరుకోను, కుడికి నెడతాను," అంది.

గానుగ మానేసి వచ్చాక కూడా ఒకరి చేత అనిపించుకోవాలా అని పుల్లన్నకు ఒళ్లు మండింది. చూద్దాంలే అని పంపేసింది.

తర్వాత మైలన్న వచ్చింది. అదీ అదే గానుగను, అదే వైపు, ఏళ్ల తరబడి తిప్పి మానేసిన ఎద్దే.

"మనిద్దరి అడుగూ ఒకటే బావా," అంది. పుల్లన్నకు ప్రాణం లేచొచ్చింది.

తెల్లారగానే రెండూ బెల్లం బస్తాలతో సంతకు బయల్దేరాయి. దారి పొడవునా కష్టసుఖాలు చెప్పుకున్నాయి. పొద్దు వాలేసరికి గుప్పున తెలగపిండి వాసన కొట్టింది. తలెత్తి చూస్తే ఎదురుగా పాత గానుగ. కళ్లకు కట్టే గంతలు కొయ్యకు వేలాడుతున్నాయి.

"ఇంత దూరం ఒక్క మాట తేడా రాకుండా నడిచాం కదా బావా," అంది మైలన్న అయోమయంగా.

"అందుకే ఇక్కడ తేలాం," అని పుల్లన్న కాడి దించేసి, దున్నపోతును వెతుక్కుంటూ బయల్దేరింది, కాస్త ఎడమకు ఒరుగుతూనే.