ముళ్లపంది గుమ్మం ముందు గుర్తు

ఒక కొండమీద జంతువులు చిన్న రైలు నడుపుకునేవి. పైనుండే వాళ్లకు గింజలూ మందులూ చేర్చేది ఆ రైలే. ఒక వానాకాలం కొండచరియ విరిగిపడి పట్టాలు లోయలోకి జారిపోయాయి.

"పాత చోటే మళ్లీ వేద్దాం. అది మా నాన్న వేసిన దారి," అంది ఎలుగుబంటి.

"ఆ చరియ మళ్లీ విరుగుతుంది మామా. ఈసారి రైలు కూడా పోతుంది. వేరే దారి నేను చూస్తాను," అంది ముళ్లపంది.

వానలో తడుస్తూ కొండంతా తిరిగింది. ఒకవైపు బురద, మరోవైపు నిట్టనిలువు బండ. చివరికి పట్టాలు వేయడానికి సరిపడా గట్టినేల ఒక్కచోటే దొరికింది. అక్కడే తన బొరియ ఉంది, అందులో పిల్లలున్నాయి. దారి కాస్త పక్కకు తిప్పగలనా అని మళ్లీ కొలిచి చూసింది. కుదరలేదు.

మర్నాడు అందరూ గడ్డపారలతో వచ్చేసరికి, ముళ్లపంది పిల్లల్ని బయటికి తెచ్చి, పట్టాల దారి చూపే గుర్తుకర్రను తన గుమ్మం ముందే పాతింది.

"ఇది నీ ఇల్లు కదమ్మా!" అంది ఎలుగుబంటి.

"ఇల్లు ఇంకోచోట తవ్వుకుంటాను మామా. రైలుకు ఇంకో చోటు లేదు. కానివ్వండి."

ఎలుగుబంటి గడ్డపార పక్కన పెట్టి, ఎదురుగా ఉన్న మట్టిగట్టుకు వెళ్లి, ముందు ఆ పిల్లల కోసం తన గోళ్లతోనే బొరియ తవ్వడం మొదలుపెట్టింది.