ఇటుపక్క పిల్ల

"బంతి ఆడేటప్పుడు మాట్లాడొద్దు, లేవొద్దు. పాయింటు అయినంకనే చప్పట్లు" అని రుద్రూర్ నుంచి వచ్చేటప్పుడు బస్సులోనే శారమ్మ భర్తకు నేర్పింది.

ఏసయ్య అక్షరాలా పాటించాడు. నిజామాబాద్ ఎర్రమట్టి కోర్టు చుట్టూ జనం నిశ్శబ్దమైన ప్రతిసారీ, చర్చిలో లాగే తల వంచి కళ్ళు మూసుకున్నాడు.

ప్రొఫెషనల్ టెన్నిస్ టోర్నమెంటు ఫైనల్. ఆడుతున్న తమ కూతురికొక సెట్టు, ఎదుటి పిల్లకొక సెట్టు. మూడోది టైబ్రేకు దాకా వచ్చింది. అప్పుడు శారమ్మకు భర్త గొణుగుడు వినపడింది.

"ఇటుపక్క పిల్లను గెలిపియ్యి ప్రభువా."

శారమ్మ భర్తను మోచేత్తో పొడిచింది. "మన పిల్ల అటుపక్కకు పోయింది! మాటిమాటికి పక్కలు మారుతరు వీళ్లు. పొద్దటిసంది గిదేనా అడుగుతున్నవ్? గందుకేనా చెరొక సెట్టు! బిడ్డ పేరు పెట్టి అడగరాదా?"

"చర్చి సంఘపెద్దను. సొంత బిడ్డ పేరు తీస్తే స్వార్థమైతది."

ఏసయ్య మళ్ళీ కళ్ళు మూసుకుని, "అటుపక్క పిల్లను" అని సవరించి, చాలాసేపు ప్రార్థించి ఆమెన్ అన్నాడు. కళ్ళు తెరిచేసరికి అమ్మాయిలిద్దరూ మళ్ళీ పక్కలు మారారు.

కూతురు సర్వీసుకు బంతి ఎత్తింది. జనమంతా ఊపిరి బిగబట్టారు. శారమ్మ లేచి నిలబడింది.

"హెప్సిబా! రుద్రూర్ పిల్ల! ఎర్ర టోపీది!"

"ఆడేవాళ్లతో మాట్లాడకూడదమ్మా" అని అంపైర్ కసిరాడు.

"ఆమెతోని కాదు సారూ" అంటూ శారమ్మ ఆకాశం వైపు చెయ్యి చూపింది. "దేవునికి ఆనవాలు జెప్తున్న."